పానాయు పుస్తకమును
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఇట్టి సభలలో పండితులు, కవులు, ఉపాధ్యాయులు ప్రసంగించుట పరిపాటి. గోళ్ల సందున గ్రీజు నలుపు నేటికిని వదలని నావంటి లారీ మెకానిక్కును వేదికపైకి పిలిచి, నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు ఆజ్ఞాపించిరి. నాకు తెలిసినది ఒక్కటే: బరువు మోయు బండ్లను బాగుచేయుట. నలుబది యేండ్లకు పైగా చేసిన ఆ పనిని గూర్చియే మనవి చేసెదను. చివర ఆ పనికిని ఈ గ్రంథాలయమునకును గల సంబంధమును కూడ చెప్పి సెలవు తీసుకొందును.

మన యూరిలో పండిన ధాన్యము మిల్లునకు పోవలెనన్నను, మిరప బస్తాలు గుంటూరు యార్డునకు చేరవలెనన్నను, ఎరువు, సిమెంటు, ఇనుము మన గుమ్మములోనికి రావలెనన్నను లారీయే శరణ్యము. రెండు ఇరుసుల లారీ సరకుతో కలిసి 16.2 టన్నులకు మించరాదని పూర్వపు నిబంధన. 2018లో దానిని 18.5 టన్నులకు పెంచిరి. అంత బరువు గంటకు 60 కిలోమీటర్ల వేగమున పోవునపుడు క్షణమునకు దాదాపు 17 మీటర్లు సాగిపోవును. డ్రైవరు కన్ను చూచి కాలు బ్రేకుపై పడులోపలనే ఆ దూరము గడచిపోవును. కావున లారీ బాగోగులు యజమాని సొంత వ్యవహారమని యెవరును తలపరాదు. త్రోవన నడచు ప్రతివాని ప్రాణమును దానితో ముడిపడి యున్నది.

ఈ బండ్లలో నుండునది డీజిలు ఇంజను. దీనిని కనిపెట్టిన రుడాల్ఫ్ డీజిల్ జర్మను జాతీయుడు. ఆయన తన సిద్ధాంతమును 1893లో గ్రంథముగా ప్రచురించెను. చక్కగా నడచిన ఇంజను 1897లో గాని సిద్ధము కాలేదు. అనగా ఇంజనుకన్న ముందు పుస్తకము పుట్టినది! గ్రంథాలయ సభలో ఈ సంగతి చెప్పుట నాకు సంతోషము. మన దేశమున 1954లో టాటా వారు మెర్సిడెస్ బెంజ్ వారి సహకారముతో జెంషెడ్‌పూరులో లారీల తయారీ ఆరంభించిరి. మదరాసు చెంత ఎన్నూరులో అశోక్ లేలాండు లారీలు తయారైనవి. ఆ బండ్లతోపాటే మన తెలుగునాట మేస్త్రీలు, షెడ్లు వెలసినవి. విజయవాడ ఆటోనగరునకు పోయి చూడుడు: కమాను కట్టలు వేయువారు ఒకచోట, లేతు పనివారు ఒకచోట, బాడీ కట్టువారు ఒకచోట. ఒక్క లారీని నిలబెట్టుటకు ఎన్ని చేతులు కావలెనో అచ్చట తెలియును.

పెట్రోలు ఇంజనులో నిప్పురవ్వ పుట్టించు ప్లగ్గు ఉండును. డీజిలు ఇంజనులో అది లేదు. పిస్టను గాలిని సుమారు 17వ వంతునకు అదిమివేయగా, ఆ గాలి 500 డిగ్రీలకు మించి వేడెక్కును. అప్పుడు నాజిలుగుండ డీజిలును తుంపరగా చిమ్మినచో దానంతట అదియే మండును. ఆ డీజిలును తోయు పంపులో కడ్డీకిని గొట్టమునకును నడుమ నుండు సందు మన వెండ్రుక మందములో పదవ వంతుకంటెను తక్కువ. ఇక నలుసు పడినచో ఏమగునో ఊహింపుడు. మురికి డబ్బాతో, వడగట్టక డీజిలు పోయుట ఎంతటి అపచారమో దీనివలన తెలియగలదు. పది రూపాయలు మిగిల్చితినని సంతోషించు యజమాని వేల రూపాయల పంపు పని తెచ్చుకొనును.

వైద్యుడు నాడి చూచినట్లు మెకానిక్కు పొగను చూడవలెను. నల్లని పొగ వచ్చుచున్నచో ఇంజనునకు గాలి చాలలేదనియు, లేదా డీజిలు ఎక్కువగుచున్నదనియు అర్థము. మొదట గాలి ఫిల్టరును విప్పి చూడవలెను. నీలపు పొగ వచ్చినచో ఇంజను ఆయిలు మండుచున్నది. ఇంజను బాగుగ వేడెక్కిన తరువాతను తెల్లని పొగ ఆగకున్నచో లోనికి నీరు దిగుచున్నదేమోయని అనుమానింపవలెను. ఇంజను విప్పకముందే సగము సంగతి పొగ చెప్పును. తొందరపడి విప్పువాడు మేస్త్రీ కాడు. విప్పనవసరము లేదని చెప్పగలవాడే మేస్త్రీ.

ఇక బ్రేకుల సంగతి. నేటి లారీ గాలి బ్రేకులతో ఆగును. ట్యాంకులలో ఏడెనిమిది కిలోల పీడనమున గాలి నిలువయుండును. నిలిపి యుంచు బ్రేకును బలమైన స్ప్రింగు పట్టియుంచగా, గాలి నిండిన తరువాతనే అది విడిపోవును. గాలి పోయినచో స్ప్రింగు మరల పట్టుకొనును. ఇది మంచి యేర్పాటే. కాని గాలితోపాటు తేమ ట్యాంకులలో చేరి నీరగును. ఆ నీటిని క్రింది మరను త్రిప్పి ప్రతిదినము వదలవలెను. ఈ పనికి రెండు నిమిషములు చాలును. దానిని మానినచో వాల్వులు తుప్పుపట్టి, అవసర సమయమున మొండికెత్తును.

కొందరు డ్రైవరు సోదరులు ఘాటు దిగునపుడు డీజిలు ఆదా యగునని గేరు తప్పించి న్యూట్రలులో వదలుదురు. దయచేసి ఈ అలవాటును మానుడు. గేరులో నున్నంతసేపు ఇంజను కూడ బండిని వెనుకకు పట్టును. న్యూట్రలులో ఆ భారమంతయు బ్రేకులపై బడి, డ్రమ్ములు కాలి, లైనింగులు పట్టు తప్పును. ఏ గేరులో కొండ ఎక్కవలెనో ఆ గేరులోనే దిగుటకు సిద్ధపడవలెనని మా పెద్దలు చెప్పెడివారు. ఆ మాట నేటికిని మేలు చేయును.

దసరానాడు లారీకి పసుపు కుంకుమలు పెట్టి, గుమ్మడికాయ కొట్టి, నిమ్మకాయలు తొక్కించుట మన ఆచారము. నేనును చేయుదును. కాని ఒకనాటి పూజ తక్కిన 364 దినముల ఉపేక్షను మాన్పజాలదు. ఉదయమున ఆయిలు, నీరు చూచుట, జోడు చక్రముల నడుమ చిక్కిన రాళ్లను తీయుట, నట్లను తట్టి చూచుట, ఇవి నిత్యపూజ.

నట్ల మాట వచ్చినది కనుక, నా తప్పును ఒకదానిని సభాముఖమున ఒప్పుకొందును. ఈ గ్రంథాలయము తెరచిన మూడవ సంవత్సరము. నేను అప్పటికే షెడ్డులో మేస్త్రీని. చదువు మూడవ తరగతితో ఆగిపోయినది. వచ్చిన అక్షరములు కూడ చాలవరకు మరచితిని. సంక్రాంతి ముందు ఒక లారీ వచ్చెను. వెనుక ఎడమ చక్రములు విప్పి, టైరు మార్చి, నట్లు బిగించితిని. రాడ్డుపై నిలబడి తొక్కి మరీ బిగించితిని. లారీ వెళ్లిపోయెను. నూట ఇరువది కిలోమీటర్ల దూరమున నట్లు సడలి, బయటి చక్రము ఊడి, దొర్లుచు పోయి, బిందెతో నీరు తెచ్చుచున్న పండ్రెండేండ్ల బాలుని కొట్టెను. కాలు విరిగెను.

మరునాడు ఆసుపత్రికి పోతిని. ఆ పిల్లవాని తండ్రి నన్ను తిట్టలేదు. "నట్లు బిగించావా అన్నా?" అని మాత్రము అడిగెను. బిగించితిననినాను. అది అబద్ధము కాదు. కాని పూర్తి నిజమును కాదు. డ్రైవరు లారీ పెట్టెలోనుండి చిన్న పుస్తకమొకటి తీసి నా చేతికిచ్చి, "ఇది చదివినావా తమ్ముడూ?" అనెను. తెలుగులోనే యున్నది. నేను కూడబలుకుకొని చదువలేక సిగ్గుపడగా, ఆయనయే చదివి వినిపించెను. చక్రము విప్పి బిగించిన పిమ్మట బరువుతో నడచినచో, రంగు, తుప్పు అణగి చక్రము కుదురుకొనును. అప్పుడు నట్లు వదులగును. కావున 50 నుండి 100 కిలోమీటర్లు నడచిన తరువాత మరల బిగింపవలెను. ఇదియే అందులోని మాట. ఇరువది యేండ్ల అనుభవమున నాకెవరును చెప్పని మాట, రెండు వరుసలలో అచ్చయి, నేను బాగుచేసిన లారీలోనే యుండెను.

ఆ నెలలోనే నేను ఈ గ్రంథాలయపు గడప తొక్కితిని. సాయంకాలము దినపత్రిక ముందు వేసుకొని, వ్రేలితో అక్షరము అక్షరము పట్టుకొని చదువుచుండగా పిల్లలు నవ్వెడివారు. అప్పటి గ్రంథపాలకులు నవ్వలేదు. నాకు పెద్దక్షరముల పుస్తకములు వెదకి యిచ్చిరి. ఏడాదికి చదువ నేర్చితిని. నాటినుండి మా షెడ్డులో చక్రము విప్పిన ప్రతి లారీకి ఒక చీటి వ్రాసి యిచ్చుచున్నాము: ఎన్నవ కిలోమీటరున నట్లు మరల బిగింపవలెనో అందులో నుండును. ఆ బాలుడు నేడు పెద్దవాడైనాడు. నడకలో కొంచెము కుంటు మిగిలినది. దానికి కారణము నేనేయని నేటికిని మరువలేదు.

నేటి లారీలకు చదువు మరింత అవసరము. 2020 ఏప్రిలు 1వ తేదీ నుండి అమ్ముడగు బండ్లకు భారత్ స్టేజి ఆరు ప్రమాణములు వర్తించుచున్నవి. ఆ బండ్ల పొగగొట్టములో విషవాయువులను అణచుటకు, నూటికి 32.5 పాళ్లు యూరియా కలిసిన శుద్ధమైన ద్రవమును వాడుదురు. రైతు సోదరులకు ఒక హెచ్చరిక: పొలములో చల్లు యూరియాను నీట కలిపి ఆ ట్యాంకులో పోయకుడు. అందలి మలినములు ఖరీదైన భాగమును పాడుచేయును. ఇంజను జబ్బును నేడు కంప్యూటరు సంకేతములలో చెప్పుచున్నది. సంకేతము చదువలేనివాడు ఎంత చేతిపనివాడైనను చీకటిలో వెదకినట్లే.

ఈ వృత్తిలోనికి రాదలచిన యువకులకు రెండు మాటలు. ఐ.టి.ఐ.లో డీజిలు మెకానిక్కు శిక్షణ పొందుడు. వట్టి జాకీని నమ్మి లారీ క్రింద దూరకుడు. గట్టి దిమ్మలు పెట్టిన తరువాతనే దూరుడు. రింగు గల చక్రమునకు గాలి పట్టునపుడు ఎదుట నిలువకుడు. ఇనుప పంజరములో నుంచి పట్టుడు. రింగు ఎగిరిన షెడ్లలో ప్రాణములు పోయినవి. మేస్త్రీలారా! మీరును పిల్లలను తిట్టి కొట్టి పని నేర్పు రోజులు పోయినవని గ్రహింపుడు. బడి ఈడు పిల్లవానిని పానా పట్టనీయకుడు. ముందు పలక పట్టనిండు.

కార్యవర్గమువారికి నాదొక విన్నపము. కావ్యములు, పురాణములు, నవలలు మన బీరువాలలో చాలినన్ని యున్నవి. వాటి ప్రక్కన ఒక అర ఇంజనులకు, విద్యుత్తునకు, వ్యవసాయ యంత్రములకు కేటాయింపుడు. తెలుగులో నున్న చేతిపుస్తకములను సేకరింపుడు. ఆ అర నింపుటకు మొదటి చందాగా నా షెడ్డు ఒక నెల రాబడిలో సగమును నేడే సమర్పించుచున్నాను. నావలె ఇంకొక మేస్త్రీ ఆసుపత్రి మంచము ప్రక్కన నిలబడి చదువు విలువ తెలిసికొనవలసిన అగత్యము రాకుండుగాక!