మేత పైరుకు ఆకు తెగులు – కొడవలే మందు
(పాల సంఘ సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



వానలు, మంచు ఎక్కువైనప్పుడు జొన్న, మొక్కజొన్న, లూసర్న్ మేత పైర్లకు ఆకు తెగుళ్ళు వస్తాయి. జొన్న ఆకుపై పొడవాటి ఎండు మచ్చలుంటే అది ఆకు ఎండు తెగులు. ఆకును రుద్దినప్పుడు ఇటుక రంగు పొడి వేలికి అంటితే తుప్పు తెగులు. రెండింటికీ కారణం శిలీంధ్రమే. మాంసకృత్తులు ఎక్కువగా ఉండేది ఆకులోనే. ఆకు ఎండి కాడ మిగిలితే, గడ్డివాము నిండినా పాల క్యాను నిండదు.

అయితే మచ్చ చూడగానే మందు డబ్బా కోసం పరుగెత్తకండి. మేతపై చల్లిన మందు పశువు కడుపులోకి, అక్కడి నుండి పాలలోకి రావచ్చు. పూతకు వచ్చిన జొన్నను, తెగులు పై ఆకులకు పాకకముందే కోసి మేపండి. లూసర్న్‌ను వెంటనే కోస్తే కొత్త చిగురు శుభ్రంగా వస్తుంది.

ఒక్క హెచ్చరిక. తెగులు వచ్చిందని లేత జొన్నను కోసి వేయకండి. 50 శాతం పూతకు రాకముందు, ముఖ్యంగా బెట్టకు గురైన పైరులో, నాము విషం ఉంటుంది. తిన్న పశువు కొద్దిసేపట్లోనే చనిపోవచ్చు. కొంత ఆకు పోయినా పూతదాకా ఆగడమే మేలు.

కోత తరువాత కొయ్యకాళ్ళు దున్ని, మరుసటి కారుకు అలసంద గాని పిల్లిపెసర గాని వేయండి. తెగులును తట్టుకునే విత్తనం ఎంచుకోండి. మందు పట్టించిన విత్తనం మిగిలితే పశువులకు పెట్టకండి. బూజు పట్టిన మేతనూ తొట్టిలో వేయకండి. ఆ విషం పాలలోకి దిగుతుంది.

వారానికొకసారి మేత మడిలో నడిచి, అడుగు ఆకులు తిప్పి చూడండి. ముందు చూసినవారికే మేత దక్కుతుంది.