చిరునత్త దవడ చెప్పిన వంశం

ఎడ్వర్డ్ సిల్వెస్టర్ మోర్స్ స్మృతిలో ఏర్పాటైన ఈ ప్రసంగానికి విషయం ఆయన జపాన్‌లో 1877లో తవ్వించిన ఓమోరి గవ్వల దిబ్బ కాదు. అమెరికాలోని మెయిన్ అడవుల్లో, రాలి మగ్గుతున్న ఆకుల కింద బతికే ఒక నత్త. దాని వెడల్పు సుమారు 1.5 మిల్లీమీటర్లు.

మోర్స్ 1838లో మెయిన్‌లోని పోర్ట్‌లాండ్‌లో పుట్టారు. ఏ బడిలోనూ నిలవలేదు. రైలింజన్ల కార్ఖానాలో నమూనా చిత్రాలు గీస్తూనే నత్తలు ఏరారు. 1857లో, ఇరవయ్యేళ్లైనా నిండకముందే, హీలిక్స్ ఆస్టెరిస్కస్ అనే కొత్త జాతిని లోకానికి తెలిపారు.

ఆ రోజుల్లో హీలిక్స్ అంటే వచ్చినవాళ్లందరికీ చోటిచ్చే సత్రం. లినేయస్ 1758లో పెట్టిన ఆ ప్రజాతిలో, ఫ్రాన్స్‌లో వండుకు తినే పెద్ద నత్త హీలిక్స్ పొమాషియా ఉంది. డ్రాపర్నో 1801లో పేరు పెట్టిన హీలిక్స్ పిగ్మియా అనే నలుసంత నత్తా అందులోనే చేరింది. ఐజాక్ లీ 1841లో వర్ణించిన మన మెయిన్ చిరునత్త హీలిక్స్ మినుటిస్సిమాకూ అదే చోటు. గుల్ల చుట్ల తీరు చూసి చేసిన ఏర్పాటు ఇది. లోపలి ప్రాణిని పట్టించుకున్నవారు తక్కువ.

మోర్స్ పట్టించుకున్నారు. సూక్ష్మదర్శిని కింద మినుటిస్సిమా నోరు విప్పి చూశారు. హీలిక్స్ దవడ విల్లులా వంగిన ఒకే పలక. ఈ నత్త దవడ మాత్రం విడివిడి పలకల వరుస! బొమ్మలు గీసే చేతికి ఆ తేడా చిన్నదిగా కనిపించలేదు. 1864లో ఆయన దాన్ని హీలిక్స్ నుంచి తప్పించి పంక్టమ్ అనే కొత్త ప్రజాతిని, దానికోసం పంక్టిడే కుటుంబాన్ని నెలకొల్పారు. డ్రాపర్నో నత్త కూడా తర్వాత పంక్టమ్‌లోకే వచ్చింది. పైకి గవ్వలా కనిపించే బ్రాకియోపాడ్లు మొలస్కా వర్గానివి కావని ఆయన వాదించడంలోనూ ఇదే చూపు ఉంది. మోర్స్ చేసిన అన్ని పనుల్లోకీ ఈ చూపే గొప్పదనడం అతిశయోక్తి కాదు.

ఆ చూపు ఇప్పటికీ అవసరమే. 2015 సెప్టెంబరులో చైనాలోని గువాంగ్షీ నుంచి 0.86 మిల్లీమీటర్ల ఎత్తున్న ఆంగుస్టోపైలా డొమినికే వార్తకెక్కింది. నవంబరులో బోర్నియో నుంచి దాదాపు 0.7 మిల్లీమీటర్ల ఆక్మెల్లా నానా వచ్చి, అప్పటికి అతిచిన్న నేలనత్త అన్న పేరు పట్టుకుపోయింది. రెండూ సున్నపురాతి కొండల సీమలవే, రెండూ కంటికి ఇసుక రేణువులే. వంశాలు మాత్రం ఎంతో దూరం. మొదటిది ఊపిరితిత్తితో గాలి పీల్చే నత్తల తెగ. రెండోది గుల్ల నోటికి మూత ఉండే తెగ. దాని చుట్టాలు చాలామంది ఉప్పుటేళ్ల ఒడ్డున, మడ అడవుల్లో ఉంటారు.

అయితే ఆంగుస్టోపైలా వర్ణనకు ఆధారం కొండ అడుగు మట్టిలో దొరికిన ఖాళీ గుల్ల. ఇలాంటి మట్టిని నీళ్లలో కలిపితే, లోపల గాలి ఉన్న గుల్లలు పైకి తేలతాయి. ఏరుకోవడం సులువే. దవడను పరీక్షించాలంటే మాత్రం ఆ కొండ దగ్గరే ప్రాణమున్న నత్త కోసం వెతకాలి.