పెరటి తేనెపెట్టెలు – వానకాలపు కాపుదల



తేనె యనగానే మనకు మధుపర్కము జ్ఞప్తికి వచ్చును, వైద్యుడు చెప్పిన అనుపానము జ్ఞప్తికి వచ్చును. తేనెటీగ మాత్రము రాదు. అనకాపల్లి జిల్లాలోని మా సబ్బవరము చుట్టును జీడిమామిడి, మామిడి, కొబ్బరి, వేప, కానుగ చెట్లు కలవు. పుష్యము మొదలు వైశాఖము వఱకు ఈ పూతలపై పుట్టతేనెటీగలు వ్రాలుచుండును. ఆ మాసములలో పెరటిలో పెట్టె నుంచినవాడెల్ల తేనె తీయును. అందు విశేషము లేదు. ఆషాఢమున వాని ఈగలు పెట్టెలో నున్నవా, లేచిపోయినవా యనునదియే పరీక్ష.

ఈ పరీక్షలో నేనొకమాఱు తప్పితిని. బడినుండి విశ్రాంతి పొందిన తొలియేట రెండు పెట్టెలు తెచ్చితిని. వైశాఖాంతమున ఆశపడి, పై యరలోని తేనెయే గాక, క్రింది పిల్లగదిలో ఈగలు తమకై దాచుకొన్నదియు తీసితిని. వానలు పట్టిన పిమ్మట మూత యెత్తి చూడగా ఒక పెట్టెలో ఒక్క యీగయు లేదు. పై యరల పెరలను గోనెసంచిలో చుట్టి అటుకపై పడవైచియుంటిని. కార్తికమున దింపి చూతును గదా, పెర లేదు. సాలెగూటి వంటి బూజును, నల్లని పురుగుపెంటయు మిగిలినవి. మైనపుచిమ్మట చేసిన పని యది. 'సంచయము' అను మాటకు ముప్పదియేండ్లు పిల్లలకు అర్థము చెప్పినవాడను, నాకే తెలియలేదు!

పెరను వట్టి మైనమనుకొనరాదు. ఒక పాలు మైనము పుట్టించుటకు ఈగలు ఆఱు మొదలు ఎనిమిది పాళ్ళ తేనె తినునని చెప్పుదురు. కట్టిన పెరను మరల నిచ్చినచో ఈగ కట్టుబడి మాని తేనె కూర్చును. అమెరికా దేశీయుడగు లాంగ్‌స్ట్రాత్ 1851లో కదలు చట్రముల కిటుకు కనిపెట్టినందులకు ఫలమిదియే. పిదప 20వ శతాబ్ది తొలిదినములలో తిరుచిరాపల్లి ప్రాంతమున న్యూటన్ అను క్రైస్తవ మతాచార్యుడు మన చిన్న యీగకు తగిన పెట్టెను కల్పించెను. పెరను పిండక, గిలకయంత్రమున త్రిప్పి తేనె తీయవచ్చును.

నేనిప్పుడు చేయునది చెప్పెదను. తేనె తీసిన పెరలను ఒక రాత్రి పెట్టెపై నుంచినచో, అంటియున్న తేనెను ఈగలే నాకి శుభ్రము చేయును. పిమ్మట వానిని ఖాళీ యరలలో ఎడమెడముగా వ్రేలాడదీసి, అరలను పేర్చి, సందులకు కాగితమంటించి, అన్నిటికి పైనున్న వట్టి యరలో మూకుటియందు గంధకము కాల్చి మూయుదును. ఇది ఆరుబయట, ఈగలకు దూరముగా, ఆ పొగ మనము పీల్చకుండ చేయవలసిన పని. పొగ పురుగును చంపును గాని గ్రుడ్డును చంపదు. అందుచే పక్షము దినములకు మరల వేయవలెను. గిలకను చన్నీటితోనే కడుగవలెను. వేన్నీరు పోసినచో మైనము కరగి అంటుకొనును. పొగడబ్బా, కత్తి, ముసుగు ఎలుకకు అందకున్న చాలును.

ఈగలున్న పెట్టె కాళ్ళకు నీటిచిప్పలు, మూతపై రేకు ఉండవలెను. తుపాను దినములలో రాటకు కట్టవలెను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ మన విశాఖ తీరమున చెట్లను కూల్చుట మఱవలేదు గదా! పూతలేని వానలలో పంచదార, నీరు సమపాళ్ళుగా కలిపి, సాయంకాలమున పెట్టె లోపలనే పెట్టవలెను. పగలు ఒలికినచో పొరుగు ఈగలు దోపిడికి వచ్చును. ఆ పాకము చేరినదానిని తేనె యని అమ్ముట ద్రోహము.

చచ్చిన పట్టుల పెరలను ఎవరైన చౌకగా నిచ్చినను పుచ్చుకొనకుడు. 1991, 1992 సంవత్సరములలో పిల్లపురుగు సంచివలె ఉబ్బి చచ్చు తెగులు దక్షిణదేశమున వ్యాపించి, పుట్టతేనెటీగల పెట్టెలను చాలవఱకు ఖాళీ చేసెను. అట్టి పెరలను కాల్చుటయే మేలు.

అటుకపై పెరలున్నవారు, రేపు ఎండ కాసినచో ఒకమాఱు దింపి చూచుకొనుడు. సెలవు.