ఆసుపత్రికి కుర్చీలు ఇద్దామా, మనుషులను ఇద్దామా?

(సంఘం సర్వసభ్య సమావేశంలో కార్యదర్శి చేసిన ప్రసంగ పాఠం)



ఎజెండాలో నాలుగో అంశం "ఆసుపత్రికి విరాళం". బోనసు రోజుల్లో మన సభ్యులు షెడ్డు షెడ్డుకూ తిరిగి వసూలు చేసిన సొమ్ము కోశాధికారి దగ్గర భద్రంగా ఉన్నది. లెక్క వారే చదివి వినిపిస్తారు. దానిని ఏం చేయాలనే విషయంలోనే రెండు అభిప్రాయాలు వచ్చాయి. నాలుగు చక్రాల కుర్చీలు కొని, వెనక సంఘం పేరు రాయించి, పరేల్‌లోని కె.ఇ.ఎం. ఆసుపత్రికి ఇచ్చి ఫోటో దిగుదామని కొందరు అంటున్నారు. అది చెడ్డ మాట కాదు. కానీ ఆ కుర్చీని తోసేవాడు ఎవరు అని కార్యవర్గంలో ఒక ముసలాయన అడిగారు. ఆ ప్రశ్న దగ్గరే మేము ఆగిపోయాము. ఈ రోజు చెప్పదలచినదంతా ఆ ప్రశ్న గురించే.

ముందు ఆ ఆసుపత్రి ఎలా పుట్టిందో గుర్తు చేసుకుందాం. మనలో చాలామంది ఆ గేటు ముందు నుంచే మిల్లుకు నడిచినా, దాని కథ తెలియనివారే ఎక్కువ. కె.ఇ.ఎం. 1926లో తెరుచుకున్నది. పక్కనే ఉన్న వైద్య కళాశాలకు సేఠ్ గోర్ధన్‌దాస్ సుందర్‌దాస్ పేరు. ఆయన ఆస్తి చూసే ధర్మకర్తలు డబ్బు ఇస్తూ ఒక షరతు పెట్టారు. ఇక్కడ పాఠం చెప్పే డాక్టర్లందరూ అర్హత కలిగిన భారతీయులే కావాలి, సర్కారు కొలువులో ఉన్నవారు కాకూడదు అన్నారు. ఆ రోజుల్లో బొంబాయిలో ఉన్న సర్కారీ వైద్య కళాశాలలో పెద్ద కుర్చీలన్నీ తెల్లదొరల సర్వీసువారివి. మనవాళ్లు ఎంత చదివినా కింది బల్ల దగ్గరే ఉండవలసి వచ్చేది. కాబట్టి ఆ దాతలు గోడలు ఎలా కట్టాలని షరతు పెట్టలేదు, లోపల ఎవరు పనిచేయాలన్న దానిమీద షరతు పెట్టారు. షోలాపూర్ అన్నలు గర్వపడే మాట ఒకటి ఉంది. 1938లో చైనా ప్రజలకు వైద్యం చేయడానికి వెళ్లి 1942లో అక్కడే కన్నుమూసిన డాక్టర్ ద్వారకానాథ్ కోట్నీస్ షోలాపూర్‌లో పుట్టి ఈ కళాశాలలోనే చదువుకున్నారు.

దాని పక్కనే వాడియా ఆసుపత్రులు ఉన్నాయి. ప్రసూతి ఆసుపత్రి 1926లో, పిల్లల ఆసుపత్రి 1929లో వచ్చాయి. మిల్లు యజమానుల కుటుంబం కట్టించినవి అవి. ఆ డబ్బులో మన తాతల చెమట ఎంతో ఎవరూ లెక్క కట్టలేదు గాని, మన ఇళ్లలో ఎంతోమంది పిల్లలు పుట్టినది అక్కడే.

ఇక ఆసుపత్రి మనుషుల మాట. కె.ఇ.ఎం.లో 1,800కు పైగా పడకలు ఉన్నాయి. ఆ పడకల మీద దుప్పటి మార్చేవారు, మలం ఎత్తేవారు, మందు వేళకు లేపేవారు ఎవరో మనకు పేరు తెలియదు. సిస్టర్ అంటాం, మామా అంటాం, మావుషీ అంటాం. వాళ్ల పని ఎలాంటిదో తెలియాలంటే అరుణా శాన్‌బాగ్ సంగతి చాలు. ఆమె కర్ణాటక నుంచి వచ్చి కె.ఇ.ఎం.లో నర్సుగా చేరిన అమ్మాయి. 1973 నవంబరు 27న అదే ఆసుపత్రి పనివాడొకడు ఆమె మీద అత్యాచారం చేసి, కుక్క గొలుసుతో గొంతు బిగించాడు. ఆమె ఇక తిరిగి లేవలేదు. అప్పుడు నర్సులు తమకు రక్షణ కావాలని సమ్మె చేశారు. ఆ తర్వాత ఆమెను చూసుకున్నదీ ఆ నర్సులే. 2015 మే 18న ఆమె చనిపోయేవరకు, నలభై ఒక్క సంవత్సరాలు దాటి. మొదట చూసిన సిస్టర్లు రిటైరయ్యారు, ఆమెను ఎన్నడూ ఎరగని పిల్లలు ఉద్యోగంలో చేరి అదే సేవ చేశారు. మంచం ఖాళీ చేయించాలని కార్పొరేషన్ చూసినప్పుడు అడ్డం నిలబడ్డారు. ఆమెకు ఆహారం ఆపివేయడానికి అనుమతి కోరిన కేసులో 2011 మార్చి 7న సుప్రీంకోర్టు తీర్పు ఇస్తూ, ఆమె తరఫున మాట్లాడే హక్కు ఆసుపత్రి సిబ్బందిదేనన్నది. అన్ని సంవత్సరాలు మంచం మీద ఉన్న మనిషికి ఒక్క పుండు పడలేదని చెప్పారు. ఇంట్లో పక్షవాతం వచ్చిన తల్లినో తండ్రినో చూసుకున్నవారికి ఈ మాట విలువ తెలుస్తుంది. రోజుకు ఎన్నిసార్లు పక్క మార్చాలో వారికి తెలుసు.

2020 మార్చి 22న సాయంత్రం 5 గంటలకు మనమంతా గడపల్లో నిలబడి ఇలాంటివారి కోసం చప్పట్లు కొట్టాము, కంచాలు మోగించాము. ఆ చప్పట్లకు ఏ ఆసుపత్రిలోనూ ఒక్క ఖాళీ పోస్టు నిండలేదు.

ఇప్పుడు మన ఇంటి వార్త ఒకటి. మన పాత సభ్యుడు, కార్డింగ్ ఖాతాలో పనిచేసి పోయిన ఒక అన్న కూతురు ఈ నెలాఖరున ఒక మునిసిపల్ ఆసుపత్రిలో ఆయా పని నుంచి రిటైరవుతున్నారు. ఆసుపత్రి పేరు, తన పేరు అచ్చు వేయవద్దని ఆమె కోరారు. ఆ వార్డులో ఆమెను "తెలుగు మావుషి" అంటారు. నల్లగొండ, పాలమూరు, కరీంనగర్ నుంచి కొత్తగా వచ్చిన ముసలివాళ్లకు మరాఠీ రాదు, హిందీ సగమే వస్తుంది. వాళ్ల నోరు ఇన్నేళ్లూ ఆమె.

ఆమె చెప్పిన సంగతి వినండి. ఒక పెద్దాయన ఛాతీ పట్టుకొని "పోటు, పోటు" అంటున్నాడు. మరాఠీలో పోట్ అంటే కడుపు. కుర్ర డాక్టరు కడుపు నొక్కి చూస్తున్నాడు. ఈమె తడిగుడ్డ కింద పడేసి పరుగెత్తి, "సాహెబ్, వీళ్ల భాషలో పోటంటే పొడిచినట్టు నొప్పి, కడుపు కాదు, గుండె దగ్గర అంటున్నాడు" అన్నారు. వెంటనే ఇ.సి.జి. తీశారు. ఇంకో అమ్మ "నాకు చక్కెర ఉంది" అంటుంది. మరాఠీలో చక్కర్ అంటే కళ్లు తిరగడం. ఆమెకు ఉన్నది షుగరు వ్యాధి. ఇవి నవ్వుకోవడానికి బాగానే ఉంటాయి గాని, మంచం మీద ఉన్నవాడికి నవ్వు రాదు. డాక్టరును తప్పు పట్టడానికి లేదు, ఒక్క పూటలో వందమందిని చూసే మనిషి. ఈ నెలాఖరు తర్వాత ఆ వార్డులో తెలుగు తెలిసినవారు ఎవరూ ఉండరు.

కనుక కార్యవర్గం ఆలోచన ఇది. మనలో రిటైరైనవారు, మిల్లు మూతపడి ఇంట్లో ఉన్నవారు చాలామంది ఉన్నారు. మరాఠీ, హిందీ, తెలుగు మూడూ గడగడ మాట్లాడతారు. రోజుకు ఇద్దరు చొప్పున, కేసు పేపరు తీసే పొద్దుటి వేళ ఆసుపత్రిలో ఉండాలి. ముందుగా ఆసుపత్రి సామాజిక సేవా విభాగానికి దరఖాస్తు పెట్టి, వారు ఒప్పుకున్న తర్వాతే వెళ్లాలి. మాట అటు నుంచి ఇటు చేరవేయడం, ఏ గదికి పోవాలో చూపడం, కుర్చీ ఉంటే తోయడం. అంతే. లైను దాటించకూడదు, మందు సలహా చెప్పకూడదు, రోగి దగ్గర టీ కూడా తాగకూడదు. మనవాడే కావాలని లేదు, బీహారు తమ్ముడు అడిగినా చూపించాలి. వెళ్లేవారి లోకల్ టికెట్టు ఈ విరాళం సొమ్ములో నుంచి ఇద్దాం. భివండి నుంచి వచ్చే రోగి బస్సులో ఠాణేకో కల్యాణ్‌కో చేరి, లోకల్ పట్టుకొని పరేల్‌లో దిగేసరికి సగం ప్రాణం పోతుంది. అక్కడ ఒక తెలుగు ముఖం కనబడితే ఎంత ధైర్యమో మీకు తెలుసు.

ఇంకో మాట, ఇది మన పనికి సంబంధించినది. ఏం పని చేస్తావని డాక్టరు అడిగినప్పుడు "మజ్దూరీ" అని ఊరుకోకండి. బ్లో రూమా, కార్డింగా, సాంచానా, ఎన్నేళ్లు చేశావు, ఇవన్నీ చెప్పి కేసు పేపరు మీద రాయించుకోండి. పత్తి దుమ్ముతో వచ్చే ఊపిరితిత్తుల జబ్బును బిస్సినోసిస్ అంటారు. సెలవు తర్వాత సోమవారం పనిలోకి దిగగానే ఛాతీ బిగదీసినట్టు ఉండడం దాని మొదటి గుర్తు. అది చట్టంలోని వృత్తి వ్యాధుల జాబితాలో ఉన్నది, రుజువైతే పరిహారం వస్తుంది. కేసు పేపరు మీద పని పేరు లేకపోతే ఆ దగ్గు బీడీ దగ్గుగానే మిగిలిపోతుంది.

రక్తం సంగతి. 1998 జనవరి 1 నుంచి దేశంలో డబ్బు తీసుకొని రక్తం అమ్మడం నిషేధం. కాబట్టి సీసాలో ఉన్న ప్రతి చుక్కా ఎవరో ఇచ్చినదే. 18 నుంచి 65 ఏళ్ల లోపువారు, 45 కిలోలకు తగ్గనివారు, హిమోగ్లోబిన్ 12.5 ఉన్నవారు ఇవ్వవచ్చు. మగవారు మూడు నెలలకొకసారి, ఆడవారు నాలుగు నెలలకొకసారి. మన దగ్గర ఏటా మే డే నాడు ఒకేసారి శిబిరం పెట్టి, పండ్లు పంచి, ఆ ఏటికి అయిపోయిందనుకుంటాము. రక్తంలో తీసే ప్లేట్‌లెట్లు 5 రోజులకు మించి నిలవ ఉండవు. డెంగ్యూ వచ్చేది వానాకాలంలో. మేలో ఇచ్చిన ప్లేట్‌లెట్లు ఆగస్టులో ఎవరికి పనికొస్తాయి? అందుకని శిబిరానికి బదులు పేర్ల పుస్తకం పెడదాం. గ్రూపు, ఫోన్ నంబరు రాసి, పిలిచినప్పుడు నలుగురు నలుగురుగా వెళ్లేట్టు. రాత్రి పాళీ చేసి నిద్ర లేకుండా మాత్రం వెళ్లకండి, సూది ముందే కళ్లు తిరిగి పడతారు.

మిగిలిన సొమ్ము కె.ఇ.ఎం.లోని పూర్ బాక్స్ చారిటీ ఫండుకు చెక్కుగా ఇద్దామని మా సూచన. మునిసిపల్ ఆసుపత్రుల్లో మందులు, పరికరాలు కొనలేని బీదవారికి వాడే నిధి అది. రసీదు ఇస్తారు. ఆ రసీదు మన బులెటిన్‌లో అచ్చవుతుంది. ఎవరి చేతికీ నగదు ఇవ్వవద్దు, వార్డు బయట ఎవరైనా జాలి కథ చెప్పినా సరే.

అయితే ఇక్కడ ఒక జాగ్రత్త. దానం చేయడం మంచిదే గాని, హక్కును దానంగా మార్చుకోకూడదు. వాడియా సంగతే చూడండి. 2020 జనవరిలో కార్పొరేషన్ నుంచి, సర్కారు నుంచి రావలసిన డబ్బు రాక ఆ ఆసుపత్రి మూతపడే స్థితికి వచ్చింది. సిబ్బంది, తల్లులు గేటు ముందు నిలబడ్డారు, బొంబాయి హైకోర్టు మందలించింది, అప్పుడు నిధులు కదిలాయి. మనం జోలె పట్టి ఎన్ని ఇళ్లు తిరిగితే ఆ లోటు పూడేది? అక్కడ పనికొచ్చినది గేటు ముందు నిలబడిన జనమే.

ఇ.ఎస్.ఐ. కూడా అంతే. 2019 జూలై నుంచి కార్మికుడి వాటా జీతంలో 0.75 శాతం, యజమాని వాటా 3.25 శాతం. అంటే నెలకు 16,000 వచ్చే నేతగాడి నుంచి 120 రూపాయలు, యజమాని నుంచి 520. పదిమంది పనిచేసే చోట అది కట్టవలసిందే. ఒకే కప్పు కింద సాంచాలు ఉన్నా, నాలుగు పేర్లు పెట్టి ఒక్కొక్కదానిలో తొమ్మిదిమందినే చూపే షెడ్లు మనకు తెలుసు. ఆ 520 రూపాయలు ఎగ్గొట్టిన సేఠే వినాయక చవితికి ఆసుపత్రిలో పండ్లు పంచి పత్రికలో ఫోటో వేయించుకుంటాడు. ఆ పండు తినండి, తప్పు లేదు. చలానా కూడా అడగండి.

ధర్మాదాయ ట్రస్టుల పెద్ద ఆసుపత్రుల విషయం చాలామందికి తెలియదు. 2006లో హైకోర్టు ఖాయం చేసిన పథకం ప్రకారం మహారాష్ట్రలో అలాంటి ఆసుపత్రులు తమ పడకల్లో 10 శాతం నిరుపేదలకు ఉచితంగా, మరో 10 శాతం బలహీన వర్గాలకు రాయితీ మీద ఇవ్వాలి. రేషన్ కార్డో, తహసీల్దారు ఇచ్చే ఆదాయ ధృవపత్రమో ఉండాలి. అది ముందే తీసి ఇంట్లో పెట్టుకోండి. మనిషి ఐ.సి.యు.లో ఉండగా తహసీల్ ఆఫీసు చుట్టూ తిరగడం కష్టం.

ఆసుపత్రుల్లో కాంట్రాక్టు మీద పనిచేసే మామాలు, మావుషీలు ఖాళీ పోస్టుల కోసం, పర్మనెంటు కోసం ధర్నా పెట్టినప్పుడు మన జెండా కూడా అక్కడ ఉండాలని కార్యవర్గం తీర్మానించింది. వాళ్ల సమ్మె నాడు మనకు మందు ఆలస్యం అవుతుందని చిటపటలాడేవారు మనలోనూ ఉన్నారు. 1982లో మన మిల్లుల సమ్మె నాడు మనకు జొన్నలు, బియ్యం పంపిన ఊళ్లను ఒకసారి తలచుకోండి.

ఇక పనిలోకి వద్దాం. మూడు పుస్తకాలు తలుపు దగ్గరి బల్ల మీద ఉన్నాయి. పచ్చ అట్టది ఆసుపత్రిలో నిలబడేవారి పేర్లకు, ఎర్ర అట్టది రక్తం ఇచ్చేవారికి, మూడోది ఇ.ఎస్.ఐ. కార్డు లేని షెడ్ల వివరాలకు. మూడో దానిలో రాసేవారి పేరు బయటికి రాదు. రాయడం రానివారికి మన తమ్ముళ్లు రాసిపెడతారు. చక్రాల కుర్చీల ప్రతిపాదన పెట్టిన అన్నలు కూడా తమ మాట చెప్పాలి, ఓటు తర్వాతే. మావుషి అక్క వీడ్కోలు వచ్చే ఆదివారం సాయంత్రం ఇదే హాలులో. శాలువా, పూలదండ వద్దన్నారు. తన తర్వాత ఆ వార్డుకు మొదటి వారం ఎవరు వస్తారో వాళ్లను చూపించమన్నారు, గదులన్నీ తిప్పి చూపిస్తారట. మొదటి వారానికి పన్నెండు మంది కావాలి. ఇప్పటికి ఏడుగురు ఉన్నారు.