మాయాలోక నిర్మాణము – శిల్పి ధర్మము

(వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)



మన పెద్దలు కొలిమిని, బాడిసను, ఉలిని నమ్ముకొని జీవించిరి. మేము కంప్యూటరు తెరమీద రూపకల్పన చేసి జీవించుచున్నాము. పనిముట్లు మారినవి గాని, ఒకరు వాడుకొనుటకై మరియొకరు వస్తువును చేసి యిచ్చుట యను వృత్తి మారలేదు. కావున మా పనిలో పుట్టిన యొక ధర్మసందేహమును మీ యెదుట విన్నవించుట ఉచితమని తలంచితిమి.

కన్నులకు తొడుగు తగిలించుకొని, లేని వీథిలో నడచినట్లు అనుభవించుటను వర్చువల్ రియాలిటీ యందురు. అమెరికాలో ఐవాన్ సదర్లాండ్ గారు 1968లో తమ శిష్యుల తోడ్పాటుతో తలకు తగిలించుకొను తెరను నిర్మించిరి. దానిని పైకప్పునకు అమర్చిరి. అందు కనబడినవి గీతల బొమ్మలే; అయినను తల త్రిప్పిన కొలది దృశ్యమును మారుచుండెను. 2003లో సెకండ్ లైఫ్ అను లోకము వెలసినది. అందు జనులు కల్పితదేహములు దాల్చి ఇండ్లు కట్టిరి, వర్తకము చేసిరి. నేడు బాలురు కూడి యాడుకొను ఆటలు పెక్కు ఇట్టి లోకములే. ఈ విద్య స్వతః చెడ్డది కాదు. వైద్యవిద్యార్థి రోగికి అపాయము లేకుండ శస్త్రచికిత్సను దీనిచే అభ్యసింపవచ్చును.

మరి సందేహమెచ్చట? వడ్రంగి పచ్చికొయ్యతో తలుపు చేసినచో అది ఎండకు వంగి దోషమును చాటును. కంసాలి పనికి గీటురాయి సాక్షి. కమ్మరి పదును పెట్టిన కర్రు మొద్దువారినచో రైతు మరునాడే వచ్చి నిలదీయును. మా లోకమునందు అట్టి సాక్షి లేదు. అచ్చట వెలుగును, దూరమును, కాలమును నిర్ణయించువారము మేమే. వెలుపలికి పోవు ద్వారము కనబడవలెనో దాగవలెనో చెప్పువారమును మేమే. మేము చెడుపని చేసినను ఏదియు విరుగదు. పైగా లాభము వచ్చును. మోసపోయినవాడు తన తెలివితక్కువతనమునే నిందించుకొనును.

ఒక యుదాహరణము. ఫోర్ట్‌నైట్ అను ఆటను నడపు ఎపిక్ గేమ్స్ సంస్థ, 2022 డిసెంబరులో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమీషను మోపిన అభియోగముల పరిష్కారమునకై మొత్తము 52 కోట్ల డాలర్లు చెల్లించుటకు ఒప్పుకొనెను. అందు 27 కోట్ల 50 లక్షలు బాలల వివరములను తల్లిదండ్రుల అనుమతి లేక సేకరించితిరను అభియోగమునకు దండన. 24 కోట్ల 50 లక్షలు కొనుగోలుదారులకు తిరిగి యిచ్చుటకు. మీటల అమరిక గజిబిజిగా నుండుటచే ఆటగాండ్రు తలంపకయే సొమ్ము చెల్లించిరనియు, అపరిచితులతో సంభాషించు ఏర్పాటు బాలలకు మొదటినుండియు తెరచియే యుండెననియు కమీషను ఆరోపించెను. ఆ యేర్పాటును మార్పుడని సంస్థలోని యుద్యోగులే 2017 నాటికే కోరియుండిరని కూడ ఆ కమీషను తెలిపెను. సోదరులారా! ఈ కడపటి మాటను గమనింపుడు. దోషము నెరిగినవారు లోపలనే యుండిరి.

మన దేశమునందును 2023 నవంబరు 30వ తేదీన కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఇట్టి మోసపు అమరికలను 13 విధములుగా పేర్కొని నిషేధించెను. లేని తొందరను కల్పించుట, కోరని వస్తువును బుట్టలో చేర్చుట, చందా మానుకొను దారిని దాచుట మున్నగునవి వానిలోనివి. చట్టము మంచిదే. కాని అది హాని జరిగిన పిదప వచ్చును. శిల్పి మొదటి గీత గీయునపుడే అచ్చట నుండును.

"మేము జీతగాండ్రము, యజమాని చెప్పినట్లు చేయుదుము" అని మా వృత్తిలో కొందరందురు. దూలము పుచ్చినదని యెరిగిన వడ్రంగి, గృహస్థు తొందరపెట్టినంత మాత్రమున దానిని పైకెత్తునా? ఆ యింట నిదురించు పిల్లలు వానికి జ్ఞప్తికి రారా? మా పనికిని అదియే కొలబద్ద. వెలుపలికి పోవు దారి లోపలికి వచ్చు దారియంత సులభముగ నుండవలెను. సొమ్ము పోవుచోట ఆ మాట స్పష్టముగ కనబడవలెను. బాలలకు రక్షణ అడుగకయే దొరకవలెను.

దాతలారా! మీ విద్యార్థివేతనములతో చదివిన యువతీయువకులు నేడనేకులు ఈ వృత్తియందు ప్రవేశించుచున్నారు. వారికి కొలువు దొరికినదా యని విచారించుచున్నాము. ఏమి చేయుచున్నారని కూడ విచారింతము. కూడనిపని చేయనని చెప్పి కొలువు పోగొట్టుకొనినవానికి కొన్ని నెలల గ్రాసమునకై యొక నిధి నేర్పరచుడని ఈ మహాసభను వేడుచున్నాము. ఆకలికి వెరచువాడు ధర్మమును నిలుపుట కష్టము. కులమంతయు వెనుక నున్నదని యెరిగినవాడు "ఇది తగదు" అని ధైర్యముగ పలుకగలడు.