లాభాల వాటా: ఒప్పందంలో రాయని మాట



మనం ఇవాళ తలచుకుంటున్న పెద్దాయన ఏ పొత్తు దస్తావేజు చేతికిచ్చినా ముందు గడువు ఎప్పటితో తీరుతుందో చూసేవారు. అందుకే గడువు చివర పుట్టిన ఒక తగాదా చరిత్రను ఈ సభలో చెప్పదలిచాను.

1902 ఏప్రిల్‌లో న్యూయార్క్ ఫిఫ్త్ అవెన్యూ, 42వ వీధి కలిసే మూలనున్న బ్రిస్టల్ హోటల్‌ను వాల్టర్ సాల్మన్ ఇరవై ఏళ్లకు లీజుకు తీసుకున్నాడు. దాన్ని దుకాణాలుగా, ఆఫీసులుగా మార్చాలంటే 2 లక్షల డాలర్లు కావాలి. ఉన్ని వ్యాపారి మోర్టన్ మైన్‌హార్డ్ సగం పెట్టుబడి పెట్టాడు. నికర లాభంలో మొదటి ఐదేళ్లు అతనికి 40 శాతం, ఆపైన 50 శాతం, నష్టమొస్తే చెరిసగం. లీజు, నిర్వహణ మాత్రం సాల్మన్ ఒక్కడివే. మంచిరోజులూ చెడ్డరోజులూ ఇద్దరూ కలిసే చూశారు.

1922 ఏప్రిల్ 30తో గడువు తీరాలి. ఆ జనవరిలోనే స్థలం యజమాని సాల్మన్ సొంత కంపెనీకి కొత్త లీజు రాసిచ్చాడు. పక్క స్థలాలు కలిశాయి, పొడిగింపులతో 80 ఏళ్లదాకా సాగవచ్చు, 30 లక్షల డాలర్ల భవనం కట్టాలి. మైన్‌హార్డ్‌కు ఫిబ్రవరిలో తెలిసింది. అప్పటికే సంతకాలైపోయాయి.

పాత ఒప్పందంలో పొడిగింపు ఊసే లేదు. మరి కొత్త లాభంలో మైన్‌హార్డ్‌కు వాటా ఉందా? 1928 డిసెంబరు 31న న్యూయార్క్ అత్యున్నత న్యాయస్థానం 4-3 తేడాతో ఉందన్నది. నిర్వాహకుడి స్థానంలో ఉన్నందువల్లే ఆ అవకాశం సాల్మన్ గడప తొక్కిందనీ, కనీసం భాగస్వామికి చెప్పాల్సిందనీ న్యాయమూర్తి కార్డోజో రాశారు. సగానికి సగం ఇస్తూనే, నిర్వహణ సాల్మన్ చేతిలో ఉండేలా అతనికి ఒక్క షేరు ఎక్కువ ఉంచారు. మరో న్యాయమూర్తి ఆండ్రూస్ ఒప్పుకోలేదు. ఆ పొత్తు ఒక లీజుకు, ఒక గడువుకు కుదిరింది. గడువుతో పాటే అదీ తీరింది అన్నారు. దస్తావేజును మాత్రమే చదివితే ఆయన వాదనను కొట్టిపారేయలేం. అయినా నా మొగ్గు కార్డోజో వైపే. సాల్మన్ లీజు గెలవడం తప్పు కాదు. పోటీపడే వీలు కూడా లేకుండా, పక్కనున్నవాడికి చెప్పకపోవడం తప్పు.

ఈ ఆలోచన న్యూయార్క్‌లో పుట్టింది కాదు. 1726లో ఇంగ్లండ్‌లో రోమ్‌ఫర్డ్ సంత లీజు ఒక మైనరు తరఫున ట్రస్టీ చేతిలో ఉండేది. యజమాని మైనరుకు పొడిగించనంటే ట్రస్టీ తన పేరిట తీసుకున్నాడు. అదీ మైనరుదేనని కోర్టు తేల్చింది. మన 1882 ట్రస్టుల చట్టం 88వ సెక్షన్‌లో ఒక ఉదాహరణ ఉంది: భాగస్వాములందరి తరఫున లీజు మాట్లాడడానికి వెళ్లినవాడు రహస్యంగా తనకో లక్ష రూపాయలు మాట్లాడుకుంటే, ఆ లక్ష పొత్తుదే. సాల్మన్ తీర్పుకు 46 ఏళ్ల ముందే ఇది మన చట్టంలో అచ్చయి ఉంది. ఈ సంగతి మన కాలేజీల్లో ఇంకా గట్టిగా చెప్పాలి.

1932 భాగస్వామ్య చట్టంలో 13వ సెక్షన్ లాభాలు సమానమంటుంది. 16వది భాగస్వామి సొంతానికి చేసుకున్న లాభానికి లెక్క చెప్పమంటుంది. రెండూ ‘ఒప్పందానికి లోబడి’ అనే మొదలవుతాయి. పరస్పరం న్యాయంగా, నమ్మకంగా ఉండి, సరైన లెక్కలూ పూర్తి సమాచారమూ ఇవ్వాలన్న 9వ సెక్షన్‌లో ఆ మాట లేదు. వాటాలు మీ ఇష్టం, నిజాయితీ కాదు అని నేను దాన్ని చదువుకుంటాను.

ఒప్పందానికి పెట్టిన పేరు చూసి మోసపోకూడదని కూడా మన కోర్టులు నేర్పాయి. ఫకీర్ చంద్ గులాటీ కేసులో 2008లో సుప్రీంకోర్టు, నిర్వహణలో చెయ్యి, లాభనష్టాల్లో పాలు లేని స్థలయజమాని బిల్డరుకు భాగస్వామి కాడు, వినియోగదారుడు అంది. హైదరాబాద్‌లో స్థలమిచ్చి ఫ్లాట్లు పంచుకునే ప్రతి కుటుంబానికీ ఈ తీర్పు పనికొస్తుంది.

యువ న్యాయవాదులారా, రేపు మీ దగ్గరికి పొత్తు పత్రం వస్తే ‘నికర లాభం’ ఏ ఖర్చులు పోగా మిగిలేదో విడమర్చి రాయండి. లెక్కలు ఎవరు, ఎప్పుడు చూడవచ్చో రాయండి. గడువు తీరాక వచ్చే అవకాశం ఎవరిదో తప్పకుండా రాయండి.