హృద్రోగియు, ఊపిరి కండరములును
(స్మారకోపన్యాసము)



మా గురువుగారి పేర నెలకొల్పబడిన ఈ ఉపన్యాసమునకు నన్ను పిలిచిన నిర్వాహకులకు కృతజ్ఞుడను. గురువుగారి వైద్యప్రతిభ మీరెఱుగనిది కాదు. నాకు మాత్రము వారు ఆదివారపు మధ్యాహ్నములందు చదరంగమునకు పిలిచి, ఆట ముగియువఱకు వైద్యమను మాట ఎత్తనీయని పెద్దలుగానే ఎక్కువ జ్ఞాపకము. ఎదిరి ఎత్తును పూర్తిగా చూడక ఎదురుచెప్పరాదని ఆ బల్లయొద్దనే నేర్చుకొంటిని.

హృదయ వైఫల్యమున గుండె చాలినంత రక్తమును పంపజాలదనియు, ఊపిరితిత్తులలో నీరు చేరుననియు ఇచట మరల చెప్పబనిలేదు. ఎకోలో కనబడు ఎజెక్షన్ ఫ్రాక్షన్‌ను బట్టి రోగి శ్రమశక్తిని అంచనా కట్టలేమని ఫ్రాంచోసా ప్రభృతులు 1981లోనే చూపిరి. 1994లో కోట్స్ బృందము ఆయాసమునకు మూలమును కండరములందు వెదకవలెననెను. అయినను కాలి కండరములకు దక్కిన గౌరవము ఊపిరి కండరములలో ముఖ్యమైన ఉదరవితానమునకు మన వార్డులలో నేటికిని దక్కలేదు. నా చిరకాల వివాదమంతయు దీని గూర్చియే.

ప్రతిపక్షుల మొదటి ఆక్షేపము శ్వాసబలపు కొలత మీదిది. రోగి ముక్కునకు క్లిప్పు పెట్టించుకొని, గాలినంతయు విడిచి, మూసిన గొట్టమును పెదవులతో బిగబట్టి బలముకొలది లోనికి పీల్చవలెను. పెదవుల సందున రవంత గాలి చొచ్చినను అంకె పడిపోవును. మూడవ, నాలుగవ సారికి గాని నిజమైన బలము బయటపడదు. అలసినవాడు సరిగా పీల్చలేదనరాదా యని వారి ప్రశ్న. న్యాయమైన ప్రశ్నయే. అందుకే లండనులో హ్యూజ్ ప్రభృతులు రోగి ప్రయత్నముతో నిమిత్తము లేకుండ, మెడయొద్ద అయస్కాంత ప్రేరణచే నాడులను కదిలించి కొలిచి, ఉదరవితాన బలము స్వల్పముగా తగ్గినదని 1999లో ప్రకటించిరి. ఆ ‘స్వల్పము’నే పట్టుకొని, ఇక విచారింపవలసినదేమియు లేదని మన మిత్రులు తీర్మానింతురు. సగటు స్వల్పమైనంత మాత్రమున ప్రతి రోగి లోపమును స్వల్పమగునా? అదియునుగాక, బిగిసిన ఊపిరితిత్తులను ప్రతి శ్వాసకు విప్పవలసిన కండరమునకు భారము హెచ్చి, బలమించుక తగ్గినను, నడకలో అది త్వరగా అలయును. అలసిన కండరమునుండి వెలువడు సంకేతములు కాళ్ల రక్తనాళములను సంకోచింపజేయును. అపుడు కాళ్లు ముందు తడబడును, నేరము గుండెకు అంటగట్టబడును. హైడెల్‌బెర్గ్‌లో మేయర్ ప్రభృతులు 244 మంది రోగులను పరిశీలించి, శ్వాసబలము తగ్గుట మరణసూచకము కూడనని 2001లో నిరూపించిరి.

ప్రతిపక్షుల రెండవ ఆక్షేపము చికిత్స మీదిది: శ్వాసవ్యాయామ ప్రయోగములు చిన్నవి, ఫలములు ఏకరీతిగా లేవు. చిన్నవనుట నిజము. ఏకరీతిగా లేకుండుటకు కారణము మాత్రము వారు చెప్పరు. బలహీనులను ఏరక అందఱకును ఒకే కసరత్తు నిచ్చిన, లోపము లేనివానికి లాభమెట్లు కలుగును? బ్రెజిల్ దేశపు పోర్తో అలెగ్రీలో దాలాగో, రిబైరో ప్రభృతులు ఊహిత బలములో నూటికి 70 పాళ్లు లేనివారిని మాత్రమే, 32 మందిని, ఏరుకొని, గరిష్ఠబలములో 30 శాతపు నిరోధముతో దినమునకు అరగంట చొప్పున 12 వారములు సాధన చేయించి, శ్రమకాలపు గరిష్ఠ ప్రాణవాయు వినియోగము 17 శాతము పెరిగినదని 2006లో తెలిపిరి. మందులను మానుమని నేననుట లేదు. మందు వ్రాయు చేతితోనే ఈ కొలతను కూడ కోరుమనుచున్నాను.

అయితే 70 పాళ్లనగా ఎవరి బలములో? 1969లో బ్లాక్, హయట్‌లు అమెరికాలో కట్టిన ప్రమాణములతో వరినాట్లు వేయు ముదుసలిని కొలిచి బలహీనురాలనుట ఎంతవఱకు సమంజసము? ఇపుడు నేను పూనుకొన్న పని ఇదియే: ఆరోగ్యవంతులైన తెలుగు స్త్రీపురుషుల శ్వాసబలమును, వయస్సు, ఎత్తు, వృత్తులతో కూడ సేకరించుట. అందుకు మీ తోడ్పాటు కోరుచున్నాను. నేతగాండ్రు, పల్లెకారులు, వ్యవసాయ కూలీలు ఎవరైనను సరియే. నాదస్వర విద్వాంసులను మాత్రము వేరుగా వ్రాయుడు, వారి సాధన లెక్కను తారుమారు చేయును. పరికరములను నేను పంపెదను. ఒక్కొక్కరిచే కనీసము ఐదు పర్యాయములు పీల్పించి, అన్ని అంకెలను, మొదటి నిరుత్సాహకరమైన అంకెతో సహా, నాకు వ్రాసి పంపుడు.